బాల్యపు గాయం – మన సాహిత్యం చూడని సగం

రెండేళ్ల కిందట బి.ఏ. తరగతిలో బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' గురించి చెబుతున్నాను. దయానిధి తల్లి మీద లోకం వేసిన నింద అతన్ని జీవితమంతా ఎట్లా వెంటాడిందో, స్త్రీలను ప్రేమించటంలోనూ, మనుషులను నమ్మటంలోనూ అతన్ని ఎట్లా కుంటివాణ్ణి చేసిందో వివరిస్తున్నాను. మిడుతూరు పక్క పల్లె నుంచి వచ్చే కుర్రవాడొకడు, సాధారణంగా నోరు విప్పనివాడు, లేచి నిలబడి అడిగాడు: "ఆయప్పకు చిన్నప్పుడు పక్కన ఎవురూ లేకపాయనా సార్?"

మేము చదువుకున్న రోజుల నుంచి అరిగిపోయిన జవాబే చెప్పాను. ఆధునిక మానవుని ఒంటరితనమనీ, అంతర్ముఖత్వమనీ, హేమ్లెట్ ఛాయలనీ ఏవో నాలుగు మాటలు చెప్పి కూర్చోబెట్టాను. కుర్రవాడు కూర్చున్నాడు. నా జవాబు జవాబు కాదని ఆ సాయంత్రం బస్సులో తెలిసింది. అతను అడిగింది దయానిధి మనస్సు గురించి కాదు. దయానిధి చుట్టూ ఉన్న మనుషుల గురించి. గాయం ఎట్లా తగిలిందని కాదు, తగిలినప్పుడు పట్టుకున్న చేయి ఏదని. మన నవలా విమర్శ ఈ ప్రశ్న వేసుకున్నట్టు నేనెక్కడా చదవలేదు. నాకు తట్టలేదన్నది ఎట్లాగూ రుజువయింది.

బాల్యంలో తగిలిన దెబ్బ మనిషిని చివరిదాకా వదలదన్న సంగతిని తెలుగు నవలలో అంత సూక్ష్మంగా పట్టుకున్నవాడు బుచ్చిబాబు. అందులో సందేహం లేదు. మన శిబిరంలో చాలామంది ఆ నవలను మొదటినుంచీ అనుమానంగానే చూశారు. వ్యక్తివాదమన్నారు, మధ్యతరగతి నిస్పృహ అన్నారు. ఆ ఆక్షేపణలో నిజం ఉంది గాని, దానిని చేసిన పద్ధతి సరికాదని నా అభిప్రాయం. "ఒక మనిషి మనోవ్యథతో మాకేం పని, వ్యవస్థ మారితే మనస్సు మారుతుంది" అన్న ధోరణిలో కొట్టిపారేశారు. మనోవ్యథ ఉన్నదన్నంతవరకు బుచ్చిబాబు చెప్పింది నిజం. ఆయన పొరపాటు వేరే చోట ఉంది.

ఆ నవలకు ఆయన మొదట పెట్టిన పేరు 'ఏకాంతం'. ఆ పేరులోనే ఆయన బలమూ ఉంది, బలహీనతా ఉంది. దయానిధి గాయం నిజానికి సామాజికమైన గాయం. ఒక స్త్రీ శీలాన్ని ఊరు ఊరంతా నోట్లో వేసుకుని నమిలితే, ఆ ఎంగిలి ఆమె కొడుకు మీద పడింది. గాయపరచింది సమాజం. అంతవరకు బుచ్చిబాబుకు స్పష్టంగా తెలుసు. కాని మానటం దగ్గరకు వచ్చేసరికి సమాజం మాయమైపోతుంది. దయానిధి ఒక్కడే తన గాయంతో తాను తేల్చుకోవాలి. చివరికి తనతో తాను సమాధానపడటం తప్ప వేరే దారి కనబడదు. గాయపరచటానికి ఊరు కావాలి, మాన్పుకోవటానికి మాత్రం ఊరు అక్కర్లేదు. ఈ లెక్క కుదరదు.

ఇక్కడ మా సీమవాళ్లకు ఇంకొక పట్టింపు కూడా ఉన్నది. దయానిధి ఈ గాయాన్ని మోసుకుంటూ వచ్చింది మా నేలకే. అనంతపురం వైపు వస్తాడు. వజ్రం దొరుకుతుంది, ఐశ్వర్యం వస్తుంది. బుచ్చిబాబు స్వయంగా అనంతపురంలో ఇంగ్లీషు అధ్యాపకుడుగా పనిచేసినవాడు గనుక ఈ నేల ఆయనకు తెలియనిది కాదు. సీమవాళ్లకూ సర్కారు జిల్లాల వాళ్లకూ మధ్య పొరపొచ్చాలు కూడా ఆయన కంటబడ్డాయి. కాని చిన్ననాటి గాయంతో బాధపడుతున్న ఆ డాక్టరుకు, చిన్ననాటి గాయాలతో పెరుగుతున్న పిల్లలు ఊరికి యాభై మంది ఉన్న ప్రాంతంలో, ఆ పిల్లలు ఒక సమస్యగా ఎదురుపడరు. ఎదురుపడివుంటే నవల ఇంకొక విధంగా ముగిసేదేమో. ఇది రాయని నవల గురించి మాట్లాడటమేనని నాకు తెలుసు. విమర్శకుడికి అప్పుడప్పుడు ఆ స్వాతంత్ర్యం ఉండాలి.

ఏమిటి ఆ గాయాలు?

నేను పుట్టి పెరిగిన మిడుతూరు 2022 దాకా కర్నూలు జిల్లాలో, అప్పటి నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. ఇదే జిల్లాలో కోయిలకుంట్ల ఉంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కుంఫిణీ ప్రభుత్వం అక్కడ ఉరితీసింది. ఉరితీసి ఊరుకోలేదు. తలను 1877 దాకా కోట మీద జనానికి కనబడేటట్టు ఉంచింది. నరసింహారెడ్డి వీరత్వం మీద పాటలున్నాయి, నాటకాలున్నాయి, 2019లో సినిమా కూడా వచ్చింది. కాని ముప్ఫై ఏళ్లపాటు ఆ తల కింద నడిచి నీళ్లకూ పశువులకూ వెళ్లిన పిల్లల గురించి ఎవరన్నా ఒక కథ రాశారా? 1847లో అయిదేళ్ల పిల్లవాడికి 1877 వచ్చేసరికి ముప్ఫై అయిదేళ్లు. అతని పిల్లలు కూడా ఆ తలను చూసే పెరిగారు. తెల్లదొర ఉద్దేశం కూడా అదే. బెదిరించవలసింది పోరాడినవాణ్ణి కాదు, వాడెట్లాగూ చచ్చాడు. బెదిరించవలసింది పెరుగుతున్నవాళ్లను. భయాన్ని బాల్యంలో నాటితే దానికి తర్వాత నీళ్లు పోయనక్కరలేదని పాలకవర్గానికి మనకంటె ముందు తెలుసు.

ఆ తల దించే నాటికి 1876–78 ధాత కరువు దత్తమండలాలను ఊడ్చేస్తున్నది. కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ లెక్కగట్టింది ఆ కరువులోనే. సీమ సాహిత్యంలో కరువుకు పెద్ద స్థానం ఉంది. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' (1956) నుంచి సింగమనేని నారాయణ, కేతు విశ్వనాథరెడ్డి, చిలుకూరి దేవపుత్ర, బండి నారాయణస్వామి దాకా సీమ రచయితలు ఆకలిని, ఎండిన చేనును, వలసను నిజాయితీగా రాశారు. ఆ రచనలు లేకపోతే మా నేల సాహిత్యంలో ఉన్నదని ఎవరూ గుర్తించేవారు కాదు. కాని ఒక లోపం చెప్పక తప్పదు. కరువు కథలో పిల్లవాడు చాలాసార్లు ఒక ఎండిన డొక్క. తల్లి కన్నీటికి కారణం. పాఠకుడి జాలిని పిండే సాధనం. వాన పడితే కథ అయిపోతుంది, లేదా పిల్లవాడు చనిపోతే అయిపోతుంది. బతికి పెద్దవాడైన పిల్లవాడిలో ఆ కరువు ఏం చేసిందన్నది కథ పరిధి దాటిపోతుంది.

అది దాటిపోయే విషయం కాదు. 1944–45 చలికాలంలో జర్మన్ సేనల దిగ్బంధం వల్ల హాలండులో కరువు వచ్చింది. ఆ కరువులో తల్లి గర్భంలో ఉన్నవాళ్లను శాస్త్రజ్ఞులు దశాబ్దాలపాటు పరిశీలించారు. యాభై ఏళ్లు దాటాక కూడా వాళ్ల శరీరాల్లో ఆ కొద్ది నెలల ఆకలి జాడలు కనిపించాయి. రక్తంలో చక్కెరను పట్టుకోలేని దౌర్బల్యం వాళ్లలో ఎక్కువ, కొన్ని మానసిక రోగాలు ఎక్కువ. ఆకలి జ్ఞాపకంలోనే కాదు, నెత్తురులో ఉండిపోతుంది. భౌతికవాదులమని చెప్పుకునే మనం ఈ మాట వింటే సంతోషించాలి గాని, మనస్తత్వశాస్త్రమంటే బూర్జువా విలాసమని ముఖం తిప్పుకోరాదు. "వ్యవస్థ మారితే మనస్సు మారుతుంది" నిజమే కావచ్చు. ఎన్నేళ్లకు మారుతుంది? ఈలోగా ఎనిమిదేళ్ల పిల్లకు పద్దెనిమిదేళ్లు వస్తాయి.

ఎనిమిదేళ్ల పిల్ల అంటే ఊరికే అనలేదు. 1970లో గుజరాతులో సి.టి. పటేల్ 'హెచ్-4' అనే సంకర పత్తిని తెచ్చిన తర్వాత సంకర విత్తనం ఒక పరిశ్రమ అయింది. నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల ప్రాంతం దానికి ఒక ముఖ్య కేంద్రం అయింది. సాయంత్రం పూట మొగ్గలు విప్పి కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున మగ చెట్టు పూల పుప్పొడిని వాటికి అద్దాలి. పువ్వు పువ్వుకూ చేయి తగలాలి. ఆ చేతులు ఎక్కువగా ఆడపిల్లలవి. ఏడెనిమిదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలవి. తల్లిదండ్రులకు ముందే అప్పు ఇచ్చి పిల్లను పంట కాలమంతా కట్టేసుకుంటారు. మందు కొట్టిన చేలోనే పని. దావులూరి వెంకటేశ్వర్లు వంటి పరిశోధకులు 1990ల చివరి నుంచి ఈ సంగతులు లెక్కలతో బయటపెట్టారు. దేశాంతర కంపెనీలు ఇరుకునపడ్డాయి, తర్వాతి ఏళ్లలో పిల్లల సంఖ్య తగ్గింది. కాని అప్పుడు పూలు దాటించిన పిల్లలు ఇప్పుడు తల్లులు. నా తరగతిలో వాళ్ల పిల్లలున్నారు. బడి వదిలేసిన ఆ ఏడు వాళ్లలో ఏం మిగిల్చిందో, కూతురు పుస్తకం తెరిచినప్పుడు వాళ్ల మనసులో ఏం కదులుతుందో చెప్పే కథ నేను చదవలేదు. నివేదికలున్నాయి. నివేదిక పనిచేసే చేతిని లెక్కపెడుతుంది. ఆ చేయి తర్వాత ఏమయిందో చెప్పవలసింది సాహిత్యం.

ఇక ఫ్యాక్షన్. ఇది నోటికి రాగానే మనకు గుర్తొచ్చేది సాహిత్యం కాదు, సినిమా. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర' వరసగా వచ్చి మా ప్రాంతాన్ని దేశానికంతా పరిచయం చేశాయి. ఈ తరహా సినిమాల్లో ఒక సూత్రం ఉంది. 'ఆది'లో అది బాహాటంగానే కనిపిస్తుంది. పసివాడి కళ్లముందు తల్లిదండ్రులను చంపుతారు. వాడు తప్పించుకుపోయి ఎక్కడో పెరుగుతాడు. తిరిగివచ్చి శత్రువులను నరుకుతాడు. హాలంతా ఈలలు.

గమనించవలసిందేమంటే, బాల్యపు గాయాన్ని ఈ సినిమాలు తక్కువ చెయ్యలేదు. పైపెచ్చు కథకంతటికీ అదే పునాది. అయితే ఆ గాయం ఇక్కడ ఏం పని చేస్తున్నది? హత్యకు లైసెన్సుగా పనిచేస్తున్నది. హీరో తర్వాత ఎన్ని తలలు నరికినా ప్రేక్షకుడు అడ్డు చెప్పకుండా మొదటి పది నిమిషాల్లో ఒక ఏడ్చే పిల్లవాణ్ణి చూపించి ముందుగానే అనుమతి తీసుకుంటున్నారు. నిజంగా అట్లాంటిది చూసిన పిల్లవాడు ఎట్లా ఉంటాడో మా ఊళ్లలో అందరికీ తెలుసు. వాడు తొడ కొట్టడు. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతాడు. పన్నెండేళ్లు వచ్చినా పక్క తడుపుతాడు. దీపావళి వస్తే ఇంట్లోంచి బయటికి రాడు, ఎందుకంటే వాడికి ఆ శబ్దం నాటుబాంబు శబ్దం. బడిలో ఒకటే లెక్కను నాలుగుసార్లు చెప్పినా ఎక్కదు, అయ్యవారు మొద్దన్న పేరు పెడతాడు. పెద్దయ్యాక కొందరు తాగుతారు, కొందరు పెళ్లాన్ని కొడతారు, ఎక్కువమంది ఎవరితోనూ మాట్లాడకుండా కూలి చేసుకుని బతుకుతారు. ప్రతీకారానికి పోయేవాళ్లు కొద్దిమంది. ఆ కొద్దిమంది కూడా చాలాసార్లు సొంతంగా పోరు, చిన్నాన్నలో పెదనాన్నలో పార్టీ నాయకుడో పంపిస్తే పోతారు. పగ పిల్లవాడి గుండెలో దానంతటది మొలకెత్తదు. దాన్ని ఒక వ్యవస్థ సాగుచేస్తుంది. భూమి, కాంట్రాక్టులు, ఎన్నికలు, అధికారం ఈ సాగుకు ఎట్లా ఎరువు వేశాయో కె. బాలగోపాల్ వివరంగా రాశాడు. సినిమా ఈ వ్యవస్థను చెరిపేసి, పగను రక్తసంబంధంగా, పౌరుషంగా, చివరికి సీమ నైజంగా చూపించింది. 2018లో వచ్చిన 'అరవింద సమేత' ఈ వలయాన్ని తెంచాలన్న మాట ఎత్తినందుకు మెచ్చుకోవచ్చు. కాని తెంచే పనికి కూడా మళ్లీ ఒక పెద్దింటి వారసుడే కావలసివచ్చాడు.

దయానిధికీ ఈ ఫ్యాక్షన్ హీరోకూ పోలికేమిటని పాఠకులు నవ్వవచ్చు. ఒకడు అతి సున్నితుడు, ఇంకొకడు కత్తి పట్టినవాడు. కాని ఇద్దరి నిర్మాణం ఒకటే. ఇద్దరికీ గాయం తగిలింది, ఇద్దరూ ఒంటరివాళ్లు. ఒకడు ఆ గాయాన్ని ఆలోచనగా మార్చుకున్నాడు, ఇంకొకడు రక్తంగా మార్చాడు. ఇద్దరి చుట్టూ ఉన్న జనం ప్రేక్షకులే.

జనం ఎప్పుడూ ప్రేక్షకులేనా? గోర్కీ 'నా బాల్యం' మళ్లీ తిరగేశాను. 1913–14లో ప్రచురించిన ఆ పుస్తకం మనలో చాలామంది విద్యార్థిదశలో చదివినదే. పీడిత జనజీవితపు చిత్రణ అని గుర్తుపెట్టుకుని పక్కన పెట్టేసినదే. ఇప్పుడు ఆ కుర్రవాడి ప్రశ్నతో చదివితే వేరే పుస్తకంలాగా ఉంది. కథ తండ్రి శవం దగ్గర మొదలవుతుంది. పిల్లవాడు తాత ఇంటికి వస్తాడు. అక్కడ మేనమామలు ఆస్తి కోసం కొట్టుకుంటుంటారు. తాత ఒకనాడు అల్యోషాను స్పృహ తప్పేదాకా బెత్తాలతో బాదుతాడు. ఆ తాతే తర్వాత మంచం దగ్గరకు వచ్చి కూర్చుని, తాను వయసులో వోల్గా మీద పడవలు లాగినవాణ్ణనీ, తానూ దెబ్బలు తిన్నవాణ్ణేననీ చెప్పుకుంటాడు. దెబ్బ ఒక తరం నుంచి ఇంకొక తరానికి ఎట్లా చేతులు మారుతుందో చెప్పటానికి ఇంతకంటె పెద్ద సిద్ధాంత గ్రంథం అక్కర్లేదు.

ఆ అధ్యాయంలో ఇంకొకటి ఉంది, దాని మీదనే నేను నిలబడిపోయాను. 'జిప్సీ' అని పిలిచే పనివాడొకడు, వాడు కూడా అనాథే, తాత కొడుతున్నప్పుడు బెత్తానికి అడ్డంగా తన చేయి పెడతాడు. బెత్తం విరిగితే ఆ సందులో ఎవరైనా పిల్లవాణ్ణి తప్పిస్తారని వాడి ఆశ. తర్వాత ఆ వాచిన చేయి అల్యోషాకు చూపిస్తాడు. దెబ్బలు ఆగలేదు. కాని తన కోసం ఒకడు చేయి పెట్టాడని పిల్లవాడికి తెలిసింది. అమ్మమ్మ కథలున్నాయి. ఇంట్లో అద్దెకున్న ఒక పిచ్చి రసాయనశాస్త్రజ్ఞుడి స్నేహం ఉంది, అతన్ని చివరికి ఇంట్లోంచి వెళ్లగొడతారు. ఇట్లా నలుగురైదుగురు, ఎవరూ మహాత్ములు కారు, తలా ఒక పూట ఆ పిల్లవాణ్ణి పట్టుకున్నారు. ఒక్క రక్షకుడు వచ్చి ఉద్ధరించలేదు. ఇది ఆ పుస్తకంలోని అసలు సత్యమని నాకు తోస్తున్నది.

దీనివల్ల గాయం మానిపోయిందా అంటే, లేదు. గోర్కీ పంతొమ్మిదేళ్ల వయసులో, 1887 డిసెంబరులో, కజాన్‌లో తుపాకితో కాల్చుకున్నాడు. బతికాడు. పట్టుకున్న చేతులు గాయాన్ని తుడిచెయ్యలేవు. మనిషిని నిలబెడతాయి, అదీ అన్నివేళలా కాదు. మన వాళ్లలో గోర్కీని ఉక్కుమనిషిగా పూజించేవాళ్లు ఈ సంగతి మాట్లాడరు. మాట్లాడితే ఆయన స్థాయి తగ్గుతుందని భయం కాబోలు.

శాస్త్రజ్ఞులు తమ దారిలో ఇక్కడికే వచ్చారు. రెండో ప్రపంచయుద్ధంలో లండను మీద బాంబులు పడుతున్నప్పుడు అన్నా ఫ్రాయిడ్, డొరోతీ బర్లింగ్‌హామ్ హాంప్‌స్టెడ్‌లో పిల్లల కోసం శిశుగృహాలు నడిపారు. బాంబుల మధ్య తల్లి దగ్గర ఉన్న పిల్లలకంటె, తల్లిని విడిచి క్షేమంగా ఉన్న పిల్లలే ఎక్కువ చెదిరిపోవటం వాళ్లు గమనించారు. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన దాదాపు ఏడు వందల మంది పిల్లలను ఎమీ వెర్నర్ దశాబ్దాలపాటు పరిశీలించింది. బీదరికం, తాగుబోతు తండ్రి, జబ్బు తల్లి వంటి కష్టాలు నాలుగైదు కలిసివచ్చిన పిల్లల్లో కూడా సుమారు మూడోవంతు నిలదొక్కుకున్నారు. వాళ్లలో చాలామందికి ఇంట్లోనో బయటనో నమ్మదగిన ఒక పెద్దమనిషి ఉన్నారు. అవ్వో, టీచరో, పక్కింటావిడో. 1998లో అమెరికాలో ఫెలిట్టి, అండా ప్రచురించిన ప్రసిద్ధ అధ్యయనం, చిన్ననాటి కష్టాలు ఎన్ని ఎక్కువయితే పెద్దయ్యాక తాగుడు, ఆత్మహత్యాప్రయత్నం, గుండెజబ్బు అంత ఎక్కువని చూపింది. చాలా ముఖ్యమైన పని. కాని ఆ కష్టాల జాబితా చూడండి: ఇంట్లో కొట్టటం ఉంది, తాగుడు ఉంది, తండ్రి జైలుకు పోవటం ఉంది. ఆకలి లేదు. అంటరానితనం లేదు. వాళ్లు ప్రశ్నలడిగింది సాన్‌డియాగోలో ఆరోగ్యబీమా ఉన్న మనుషులను. నాగప్పగారి సుందర్రాజు 'మాదిగోడు' కథలు (1997) చదివినవాళ్లకు ఆ జాబితాలో ఎన్ని గళ్లు ఖాళీగా ఉన్నాయో తెలుస్తుంది. ఆదోని ప్రాంతపు మాదిగ పిల్లవాడికి బడి, బావి, గుడి, వీధి అన్నీ గాయాలే. కాని ఆ కథల్లో వాడ ఉంది. నవ్వుంది, తిట్టుంది, తప్పెట ఉంది. పిల్లవాడు ఒంటరివాడు కాడు. అందువల్లనే అవి జాలికథలు కాలేదు.

మూడోవంతు నిలదొక్కుకున్నారన్న మాటను దుర్వినియోగం చేసేవాళ్లూ ఉన్నారు. "చూశారా, బీదవాళ్లకు తట్టుకునే శక్తి సహజంగా ఉంటుంది" అని ప్రభుత్వాలు చేతులు దులుపుకోవటం ఈ మధ్య మొదలయింది. మిగతా రెండొంతుల మాటేమిటి? తట్టుకునే శక్తిని పొగడటమంటే దెబ్బకొట్టేవాడికి సెలవివ్వటం కాకూడదు. శ్రీశైలం ప్రాజెక్టు కోసం 1981లో దాదాపు వంద గ్రామాలను ఖాళీ చేయించారు. నందికొట్కూరు, ఆత్మకూరు వైపు ఊళ్లు చాలా మునిగాయి. ఇళ్లు కూల్చి మనుషులను బలవంతాన తరలించారు. ఆ కుటుంబాల వాళ్లకు ఉద్యోగాలిస్తామని 1986లో జి.ఓ. 98 ఇచ్చి, దాని అమలు కోసం వాళ్లను దశాబ్దాలు తిప్పారు. ఆ పిల్లలు తట్టుకున్నారు. తట్టుకున్నారు గనుక బాకీ తీరినట్టా?

అయితే ఊరు తన పిల్లలను పట్టుకోవటానికి ఏం చేసింది, ఏం చెయ్యగలదు అన్నది మనం తేలికగా తీసెయ్యదగిన ప్రశ్న కాదు. మా వైపు పిల్లవాడు భయపడితే 'జడుసుకున్నాడు' అంటారు. జడుపుకు మందు లేదని, జేజి వాణ్ణి చంకనేసుకుని మసీదు దగ్గరకు పోయి ఊదించుకొస్తుంది, తాయెత్తు కట్టిస్తుంది. హిందువులూ పోతారు, ముస్లిములూ పోతారు. తాయెత్తు మీద నాకు నమ్మకం లేదు. ఈ పత్రిక పాఠకులకు ఉండదనుకుంటాను. కాని మంత్రం తీసేసి చూస్తే మిగిలేదేమిటి? పిల్లవాడి భయానికి ఊరు ఒక పేరు పెట్టింది. వాడు నాటకాలాడుతున్నాడనలేదు. ఒక పెద్దామె పని మానుకుని వాణ్ణి ఎత్తుకు తిరిగింది. నేటి మా బడులు ఈ మాత్రం కూడా చెయ్యవు. పిల్లలను కొట్టరాదని చలం 'బిడ్డల శిక్షణ'లో మొత్తుకున్నాడు. విద్యాహక్కు చట్టం 2009లో దాన్ని శాసనం చేసింది. బెత్తం మాత్రం ఇంకా చాలా బల్లల సొరుగుల్లో భద్రంగా ఉంది.

1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి నెలల తరబడి గంజి పోయించిన సంగతి సీమ పాటల్లో నిలిచిపోయింది. దాత గొప్పవాడే. అయితే గంజి పోసే దాత ఉన్న ఊరూ, పిల్లలను కలిసి పెంచుకునే ఊరూ ఒకటి కాదు. కర్నూలు జిల్లా కప్పట్రాళ్లలో 2008 నాటి హత్యల కేసులో 2014లో పలువురికి యావజ్జీవ శిక్షలు పడ్డాక, అప్పటి జిల్లా పోలీసు అధికారి ఆ ఊరిని దత్తత తీసుకుని బడినీ వసతులనూ బాగుచేయించాడు. మంచిపనే. కాని దత్తత అన్న మాటలోనే తండ్రి వస్తాడు, ఆయన బదిలీ అయితే ఊరు మళ్లీ అనాథ.

రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుంచి చేసిన పని ఇందుకు భిన్నంగా కనిపిస్తుంది. పనిలో ఉన్న పిల్లలను శిబిరాల్లో చేర్చి బడికి సిద్ధం చేశారు. ఆ పని జీతగాళ్లు కాక ఊరి యువకులు, ఊరి టీచర్లు, పంచాయతీలు తమ పనిగా ఎత్తుకునేటట్టు చేశారు. పిల్ల బడికి రాకపోతే అడిగేవాడు ఊళ్లోనే ఉన్నాడు.

మకరెంకోను ఇక్కడ తలచుకోకుండా ఉండలేను. అంతర్యుద్ధం తర్వాత వీధుల పాలైన పిల్లలతో 1920లో పొల్తావా దగ్గర ఆయన ఒక శిబిరం పెట్టాడు, తర్వాత దానికి గోర్కీ పేరు పెట్టుకున్నాడు. 1928లో గోర్కీ స్వయంగా వెళ్లి చూశాడు. పిల్లల గతం ఉన్న కాగితాలు తాను చదవననీ, ఎవరినీ గతం అడగననీ మకరెంకో నియమం పెట్టుకున్నాడు. పిల్లవాడికి గతం కాదు, ఉమ్మడి పనీ రేపటి ఆశా కావాలని ఆయన సిద్ధాంతం. చాలా కాలం నేను దీన్ని పూర్తిగా ఒప్పుకున్నాను. ఇప్పుడు సగమే ఒప్పుకుంటాను. దొంగ అన్న ముద్రను చెరిపెయ్యటానికి గతం అడగకపోవటం గొప్ప ఔదార్యం. కాని అడగకపోవటం ఒకటి, చెప్పుకుంటానన్నవాణ్ణి విననిది ఇంకొకటి. గోర్కీ తన గతాన్ని రాయకపోతే 'నా బాల్యం' లేదు. ఇట్లాంటి మురికిని చెప్పటం అవసరమా అని ఆయన ఆ పుస్తకంలోనే ప్రశ్నించుకుని, దీన్ని వేరుదాకా తెలుసుకుంటేనే పీకెయ్యగలమన్న ఉద్దేశంతో చెప్పాడు. మకరెంకో శిబిరంలో కూడా మొదటిరోజుల్లో ఆయనే ఒక కుర్రవాణ్ణి చెంపమీద కొట్టాడు. దాన్ని దాచకుండా తన పుస్తకంలో రాసుకున్నాడు. రాసుకున్నందుకు గౌరవిస్తాను. కొట్టటం వల్లనే శిబిరం దారిలో పడిందని సమర్థించే అధ్యాపక మిత్రులతో మాత్రం నాకు పేచీ ఉంది.

మా కుర్రవాడికి ఈ ఏడు గోర్కీ పుస్తకం ఇచ్చాను. వారం తర్వాత తెచ్చి ఇచ్చి, జిప్సీ మీద ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. నేను అడగలేదు. చెప్పటం మొదలుపెడితే వింటానని మాత్రం తెలియజేశాను.

మన సంఘం చెయ్యదగిన పని ఒకటి కనిపిస్తున్నది. 1981లో శ్రీశైలం ముంపు ఊళ్లు వదిలి వచ్చిన పిల్లలకు ఇప్పుడు యాభై దాటాయి. ఎండాకాలంలో నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు వాళ్లలో కొందరు వెళ్లి తమ ఊరి దారి ఎక్కడుండేదో వెదుక్కుంటారు. విత్తనపత్తి చేలల్లో పూలు దాటించిన ఆడపిల్లలు నలభైకి అటూ ఇటూ ఉన్నారు. వాళ్లను కూర్చోబెట్టి, ఏం జరిగిందన్నది ఒక్కటే కాక, అప్పుడు పక్కన ఎవరున్నారని కూడా అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. మూడు నాలుగు కళాశాలల తెలుగు విద్యార్థులు ఒక వేసవి సెలవుల్లో చెయ్యగలిగిన పని అది. మిడుతూరు, నందికొట్కూరు వైపు ఊళ్లకు నేను వస్తాను.